ముగ్గురు జాన్‌లలో మన జాన్ ఎవరు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మా నాన్నగారు చాలాకాలం ఊరి పట్వారీగా చేశారు. నేను ఇప్పుడు మా అబ్బాయి దగ్గర అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్‌లో ఉంటున్నాను. మా కోడలు అక్కడి అమ్మాయి. వాళ్ళ మూలపురుషుడు జాన్ అనే ఆయన ఐర్లండ్ నుంచి వచ్చి, 1740 ప్రాంతంలో బ్లూ రిడ్జ్ కొండలకు అవతల అడవి కొట్టుకొని స్థిరపడ్డాడనీ, ఇంగ్లండు రాజు ఆయనకు భూమి ఇచ్చాడనీ వాళ్ళ ఇంట్లో చెప్పుకుంటారు. పన్నెండేళ్ళ మా మనవరాలు ఆ పెద్దాయన కథ రాయాలని ఉబలాటపడుతోంది. వెతికితే ఆగస్టా కౌంటీలో అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ముగ్గురు కనిపించారు. వీలునామా దొరకలేదు. రాజు ఇచ్చిన పట్టాల జాబితాలోనూ పేరు లేదు. ముగ్గురిలో మావాడెవరో తేల్చుకోవడం ఎలా? ఆ పొలం ఎక్కడుందో పిల్లకు చూపించగలనా?
— ఒక పాఠకురాలు, రిచ్మండ్

సమాధానం:

అమ్మా, పహాణీ, సేత్వార్ అనే భూమి రికార్డులు, హద్దులు, వారసత్వం అన్న మాటలు చిన్నప్పటి నుంచి చెవిన పడిన ఇంట్లో పెరిగారు కాబట్టి ఈ పనికి కావలసిన చూపు మీకు ముందే ఉంది. ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు ఒక గడిలో, కబ్జాలో ఉన్నవాడి పేరు ఇంకో గడిలో ఉంటుందని, ఆ రెండూ ఒక్కరే కానక్కరలేదని మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆగస్టా కౌంటీ కాగితాలు చదివేటప్పుడు ఈ జ్ఞానమే మీకు అడుగడుగునా అక్కరకు వస్తుంది.

ముందుగా, భూమి కాగితాలు, కోర్టు కాగితాల మీదనే ఎందుకు ఆధారపడాలో చెప్తాను. వర్జీనియాలో రాష్ట్రమంతటా జననాలు నమోదు చేయడం 1853లో గాని మొదలు కాలేదు. ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ నుంచి వచ్చి, బ్లూ రిడ్జ్ కొండలకు అవతలి లోయలో దిగినవారిలో అత్యధికులు ప్రెస్బిటేరియన్ మతస్థులు. ఇంగ్లండు అధికార చర్చికి చెందని పురోహితులు జరిపిన పెళ్ళిళ్ళను వర్జీనియా చట్టం 1780 దాకా గుర్తించలేదు. కాబట్టి మీ జాన్ పుట్టుక, పెళ్ళి, చావు ఏ రిజిస్టరులోనూ కనిపించకపోవడం మామూలే. కాని పొలం కొన్నా, అమ్మినా, అప్పు పడినా, పొరుగువాడి మీద దావా వేసినా, దారి బాగుచేసే వంతు వచ్చినా ఆయన కౌంటీ కోర్టు గడప తొక్కక తప్పలేదు. అదృష్టవశాత్తూ ఆ కోర్టు ఉన్న స్టాంటన్ పట్టణంలో రికార్డులు చెక్కుచెదరకుండా మిగిలాయి. సముద్రతీరం వైపు కౌంటీలలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. అంతర్యుద్ధ కాలంలో వాటి కాగితాలు కాలిపోయాయి.

మీరు వెతుకులాట మొదలుపెట్టిన చోటు గురించి చిన్న సవరణ చెప్పాలి. 1740లోని జాన్ దగ్గర మొదలుపెట్టి ముందుకు వస్తే ఆ ముగ్గురిలో ఎవరికైనా సరే మీ కోడలిని మనవరాలిగా అంటగట్టవచ్చు. అందువల్ల కోడలి తాత ముత్తాతల నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్ళండి. ఇంట్లో ఉన్న స్వతంత్రుల పేర్లన్నీ రాసిన మొదటి జనాభా లెక్క 1850 నాటిది. అంతకు ముందు లెక్కల్లో ఇంటి యజమాని పేరు తప్ప మిగిలినవారంతా అంకెలే. 1850 నుంచి వెనక్కి 1782 దాకా వెళ్ళడానికి వర్జీనియా భూమి పన్ను, ఆస్తి పన్ను జాబితాలు దాదాపు ఏటేటా దొరుకుతాయి. ఈ వంతెన దాటాక, 1782లో ఏ వాగు ఒడ్డున, ఏ పొరుగువాళ్ళ మధ్య మీ వంశం నిలబడి ఉందో తెలుస్తుంది. ఆ వాగు పేరు చేత పట్టుకొని ముగ్గురు జాన్‌ల దగ్గరికి వెళ్ళండి.

ఇక రాజు భూమి ఇచ్చాడన్న మాట. పట్టాల జాబితాలో పేరు లేదని మీరు నిరుత్సాహపడ్డారు గాని, నాకు అదే మంచి ఆనవాలుగా తోస్తోంది. 1736 సెప్టెంబరులో విలియం బెవర్లీకీ ఆయన భాగస్తులకూ కలిపి 1,18,491 ఎకరాలు ఒకే పట్టా కింద దక్కాయి. నేటి స్టాంటన్ పట్టణం ఆ భూమిలోనే ఉంది. దాన్ని బెవర్లీ మానర్ అంటారు. దానికి దక్షిణాన, నేటి రాక్‌బ్రిడ్జ్ కౌంటీ వైపు, 1739 నవంబరులో బెంజమిన్ బోర్డెన్‌కు 92,100 ఎకరాల పట్టా వచ్చింది. ఈ రెండు మహా కమతాలలో స్థిరపడినవాడికి రాజు నుంచి పట్టా రాదు. బెవర్లీ నుంచో, బోర్డెన్ నుంచో, ఆ తరువాత వారి వారసుల నుంచో క్రయపత్రం వస్తుంది. జాగీరుదారు దగ్గర కొనుక్కున్న రైతు పేరు నిజాం ఫర్మానాలో వెతికితే దొరకదు గదా, ఇదీ అంతే. ఈ రెండు కమతాలకు వెలుపల స్థిరపడినవారు మాత్రమే దరఖాస్తు, సర్వే, పట్టా అన్న మూడు మెట్లూ ఎక్కేవారు. ఆ మెట్ల మధ్య ఏళ్ళు గడిచేవి. సర్వే అయ్యాక మనిషి చనిపోతేనో, హక్కును మరొకరికి బదలాయిస్తేనో పట్టా ఇంకొకరి పేరున వెలువడేది. కాబట్టి పట్టా లేకపోయినా కౌంటీ సర్వేయరు పుస్తకం తిరగేయకుండా వదలకండి. వర్జీనియా భూమి కార్యాలయం పట్టాల ప్రతులు మీ ఊళ్ళోనే ఉన్న లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తుంది.

క్రయపత్రాలు చదివేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ రోజుల్లో ఒక్క పొలం అమ్మకానికి రెండు దస్తావేజులు రాసేవారు. మొదటి రోజున 5 షిల్లింగులకు ఏడాది కౌలు. మరునాడు అసలు ధరకు హక్కు విడుదల. ఇంగ్లండు న్యాయశాస్త్రంలోని ఒక సౌకర్యం కోసం పుట్టిన పద్ధతి అది. ఈ సంగతి తెలియని తొలి రోజుల్లో నేను ఒకాయనకు రెండు పొలాలు ఉన్నాయనుకుని, లేని రెండో పొలం కోసం ఒక చలికాలమంతా వృథా చేసుకున్నాను. పక్క పక్క తేదీలతో, ఒకే విస్తీర్ణంతో, ఒకే హద్దులతో రెండు కాగితాలు కనిపిస్తే అవి ఒకే అమ్మకానికి చెందినవి. ధర రెండో కాగితంలో చూడండి.

ఐర్లండ్ నుంచి వచ్చాడన్న మాటకు ఆధారం ఆగస్టాలో వెతకవద్దు. ఆగస్టా కౌంటీని చట్టం 1738లోనే సృష్టించినా, దాని కోర్టు మొదటిసారి కూర్చున్నది 1745 డిసెంబరులో. అప్పటిదాకా ఆ లోయవారి వ్యవహారాలన్నీ కొండకు ఇవతల ఆరెంజ్ కౌంటీలో నడిచాయి. 1740లో ఆ కోర్టు ముందుకు ఎందరో వచ్చి, తాము, తమ భార్య, తమ పిల్లలు ఐర్లండ్ నుంచి ఫిలడెల్ఫియా మీదుగా సొంత ఖర్చుతో ఈ కాలనీకి వచ్చామని ప్రమాణం చేశారు. అలా వచ్చిన తలకు 50 ఎకరాల హక్కు లభించేది గనుక పిల్లల పేర్లు కూడా పూసగుచ్చినట్టు చెప్పుకున్నారు. మీ జాన్ పేరు అక్కడ దొరికితే భార్య పేరు, అప్పటికి పుట్టిన పిల్లల పేర్లు ఒక్క వాక్యంలో మీ చేతికి వస్తాయి. తలకు 50 ఎకరాల పద్ధతి వర్జీనియాలో అంతకు వందేళ్ళ ముందు నుంచీ ఉన్నదే. 1635లో జార్జ్ మెనెఫీ అనే భూస్వామి తాను తెచ్చానని చూపిన మనుషుల పేర్లలో ‘ఈస్ట్ ఇండియన్’ టోనీ అన్న పేరు ఒకటి ఉంది. మన సముద్రాల వైపు నుంచి వెళ్ళిన ఒక మనిషి పేరు మరొకరి భూమి లెక్క కోసం మాత్రమే కాగితం ఎక్కింది. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ముగ్గురు జాన్‌లను విడదీయడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి ఒక్కటే: మనిషిని పక్కన పెట్టి పొలాన్ని అనుసరించండి. చేతికి వచ్చిన ప్రతి పొలమూ ఏదో ఒక విధంగా చేయి దాటక తప్పదు. అమ్మాడా, కొడుకుకు ఇచ్చాడా, అప్పు కింద పోయిందా, చనిపోయాక వారసుడు అమ్మాడా అన్నది తేలేదాకా ఆ పొలాన్ని వదలకండి. ఒక్కొక్క పొలానికి ఒక్కొక్క కాగితం పెట్టి దాని మీద వాగు పేరు, విస్తీర్ణం, హద్దుల్లోని పొరుగువాళ్ళు, సాక్షులు, అమ్మినవారు, కొన్నవారు అందరినీ రాయండి. రెండు పొలాలు ఒకే జాన్‌వని రుజువు దొరికేదాకా ఆ రెండు కాగితాలనూ కలపకండి. జాన్ అన్న పేరు ముగ్గురికి ఉండవచ్చు గాని, ఫలానా తేదీన బెవర్లీ నుంచి వచ్చిన ఫలానా వాగు ఒడ్డు పొలం ఒక్కడిదే.

అమ్మిన దస్తావేజులో భార్య కనిపిస్తుందేమో శ్రద్ధగా చూడండి. భర్త ఆస్తిలో మూడో వంతు మీద విధవకు జీవితకాల హక్కు ఉండేది గనుక, పొలం అమ్మితే భార్యను భర్త ఎదుట లేకుండా విడిగా అడిగి, ఇష్టపూర్వకంగానే హక్కు వదులుకుంటున్నదని న్యాయాధికారులు నిర్ధారించుకునేవారు. ఆమె కోర్టు దాకా రాలేకపోతే ఇద్దరు ముగ్గురు అధికారులు ఇంటికే వెళ్ళి అడిగి రావాలని ఉత్తర్వు వెలువడేది. ఒక జాన్ భార్య సారా, ఇంకో జాన్ భార్య ఆగ్నెస్ అని తేలితే సగం చిక్కు విడిపోయినట్టే. సంతకం వంతు వచ్చినప్పుడు పేరు రాసినవాడెవరో, గుర్తు పెట్టినవాడెవరో గమనించండి. కొందరు గుమస్తాలు ఆ గుర్తు ఆకారాన్ని కూడా పుస్తకంలో దించేవారు.

వీలునామా లేదన్నారు. దానికి దిగులుపడనక్కరలేదు, ఒక విధంగా అది మీకు దారి చూపుతుంది. వీలునామా లేకుండా చనిపోయినవాడి భూమి అంతా పెద్ద కొడుక్కే చెందాలన్నది ఆనాటి చట్టం. 1785లో చేసిన మార్పు 1787 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాకే పిల్లలందరికీ సమానంగా పంచడం మొదలైంది. కాబట్టి అంతకు ముందు కాలంలో ఎవడైనా ‘కీర్తిశేషుడైన జాన్ జ్యేష్ఠ పుత్రుడిని, చట్టబద్ధ వారసుడిని’ అని చెప్పుకొని తండ్రి కొన్న పొలాన్ని అమ్మినట్టు దస్తావేజు దొరికితే, అది వీలునామాకు తీసిపోని రుజువు. అలాంటి దస్తావేజు సూచికలో తండ్రి పేరు మీద ఉండదు, కొడుకు పేరు మీద ఉంటుంది. అందుకే ఆ ఇంటిపేరు ఉన్న అమ్మకందారులందరి దస్తావేజులూ, తండ్రి చనిపోయాక ముప్పై నలభై ఏళ్ళ వరకూ ఓపికగా చదవాలి. భూమి రాని చిన్న కొడుకులు కరోలినాలకో, కెంటకీకో వెళ్ళిపోవడం ఎందుకు జరిగిందో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

కోర్టు ఉత్తర్వుల పుస్తకాలు మొదట చప్పగా కనిపిస్తాయి. ఒక్కొక్క నమోదు రెండు మూడు పంక్తులకు మించదు. కాని వాటిలోనే మనిషి రోజువారీ బతుకు ఉంది. దారి పని చేయవలసిన ఇళ్ళవారి జాబితా ఇస్తే ఆనాటి పొరుగు మొత్తం ఒకచోట దొరికినట్టే. తోడేళ్ళ తలలు తెచ్చినందుకు బహుమానం కోరినవాళ్ళ పేర్లు ఉంటాయి. వయసు మీరినందువల్లనో, ఒంట్లో శక్తి లేనందువల్లనో తలపన్ను నుంచి మినహాయించామన్న ఉత్తర్వు దొరికితే ముగ్గురిలో పెద్దవాడెవరో తెలిసిపోతుంది. ఉత్తర్వు చదివి ఆగిపోకుండా ఆ వ్యాజ్యం అసలు కాగితాల కట్ట కూడా అడగండి. సమన్లు అందించడానికి వెళ్ళిన షరీఫ్ వాగు పొంగినందువల్ల అందించలేకపోయాననో, ప్రతివాది కరోలినాకు వెళ్ళిపోయాడనో వెనక రాసిన ఒక్క ముక్క ఒక జాన్‌ను జాబితాలోంచి తొలగించగలదు.

ఆ కాగితాలలోని కొన్ని మాటలు నేటి అర్థంలో తీసుకుంటే దారి తప్పుతారు. సీనియర్, జూనియర్ అంటే తండ్రీ కొడుకులని అనుకోకండి. ఒకే చోట ఒకే పేరుతో ఉన్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే అర్థం, చుట్టరికమే లేకపోవచ్చు. పెద్దవాడు చనిపోయినా, వలసపోయినా నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అవుతాడు. అనాథ అంటే తండ్రి లేని బిడ్డ. తల్లి బతికే ఉండవచ్చు. పద్నాలుగేళ్ళు నిండిన అలాంటి బిడ్డ కోర్టుకు వచ్చి సంరక్షకుడిని తానే ఎంచుకోవచ్చు గనుక, ఆ ఉత్తర్వు తేదీ నుంచి బిడ్డ వయసు లెక్క కట్టవచ్చు. శిశువు అన్న మాట ఇరవయ్యొకటి నిండని ఎవరికైనా వాడేవారు. అల్లుడు అన్న అర్థమిచ్చే మాట కొన్నిసార్లు సవతి కొడుకుకు కూడా వాడారు.

వీటన్నిటికన్నా విలువైనవి చాన్సరీ వ్యాజ్యాలు, అంటే మామూలు చట్టంతో తేలని తగాదాలను న్యాయబుద్ధితో తీర్చే విచారణలు. వారసుల తగాదాలు, నిలిచిపోయిన క్రయాలు, పంపకాలు చాన్సరీ విచారణకు వచ్చేవి. సాక్షులు తమ వయసు చెప్పి, తమకు గుర్తున్నదంతా వాంగ్మూలంగా ఇచ్చేవారు. బోర్డెన్ భూముల మీద సాగిన సుదీర్ఘ వ్యాజ్యంలో మేరీ గ్రీన్లీ అనే వయోవృద్ధురాలు 1806లో సాక్ష్యమిచ్చింది. 1737లో తమ కుటుంబం ఆ లోయలో ఎలా అడుగుపెట్టిందో, గుడిసె వేసుకున్నవారికి బోర్డెన్ నూరు ఎకరాలు ఇస్తానన్నదీ, ఇంకా కావాలంటే నూరు ఎకరాలకు 50 షిల్లింగుల ధర పెట్టినదీ దాదాపు డెబ్బై ఏళ్ళ తరువాత ఆమె నోట విన్నాం. పుస్తకం రాసే స్థోమత, తీరిక ఏనాడూ లేని ఒక తరం మాట మనకు ఇలా దావాల పుణ్యమా అని మిగిలింది. ఆగస్టా చాన్సరీ కట్టలను లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఫొటోలు తీసి ఉచితంగా అందుబాటులో ఉంచింది. వాది, ప్రతివాది పేర్లతోనే సరిపెట్టుకోకుండా మీ జాన్ పొరుగువాళ్ళ వ్యాజ్యాలు కూడా చదవండి. ఆయన అక్కడ సాక్షిగా నిలబడి ఉండవచ్చు. ఆగస్టా రికార్డుల సంగ్రహం 1912లో మూడు సంపుటాలుగా అచ్చయింది. వెతకడానికి అది మంచి సహాయం గాని, అందులో వదిలేసినవీ తప్పు చదివినవీ ఉన్నాయి. ఏ నిర్ణయానికైనా మూల ప్రతి చూసే రండి.

తేదీల విషయంలో రెండు జాగ్రత్తలు. 1752కు ముందు ఇంగ్లండు కాలనీలలో సంవత్సరం మార్చి 25న మారేది. కాబట్టి 1746 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1747. రెండోది, కౌంటీ హద్దులు మారుతూ వచ్చాయి. 1770లో బోటెటార్ట్, 1778లో రాక్‌బ్రిడ్జ్, రాకింగ్‌హామ్ విడిపోయాయి. మీ జాన్ ఒక్క అడుగు కదలకుండానే మూడు కౌంటీల కాగితాల్లో కనిపించవచ్చు.

పొలం పిల్లకు చూపించగలనా అని అడిగారు. చూపించగలరు. దస్తావేజులో తెల్ల ఓకు చెట్టు దగ్గర మొదలై, ఫలానా దిక్కుకు ఇన్ని పోళ్ళు అంటూ హద్దు చుట్టి మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే వస్తుంది. పోలు అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పోళ్ళు ఒక గొలుసు. మీ నల్లగొండ గుంట ఒక్కో పక్కకు 33 అడుగులు, అంటే సరిగ్గా రెండు పోళ్ళు. అందుకే అక్కడ 160 చదరపు పోళ్ళు, ఇక్కడ 40 గుంటలు రెండూ ఒకే ఎకరం. ఈ లెక్క మనవరాలికి మీరే నేర్పండి. గళ్ళ కాగితం, కోణమానిని ఇచ్చి ఆ పొలాన్నీ దాని చుట్టూ ఉన్న నాలుగైదు పొలాలనూ ఆమె చేతనే గీయించి, కత్తిరించి, హద్దులు కలిపి చూడమనండి. ఒక్క పొలం బొమ్మ పటంలో ఎక్కడైనా ఇమిడినట్టే అనిపిస్తుంది; ఐదు కలిసి, మధ్యలో వాగు వంపు కూడా సరిపోతే చోటు దొరికినట్టే. చెట్లు పోయి ఉంటాయి, వాగు పేర్లు మాత్రం చాలావరకు నిలిచే ఉన్నాయి.

పటం గీసేటప్పుడు ఇంకొక మాట కూడా పిల్లకు చెప్పండి. బెవర్లీ, బోర్డెన్ పట్టాలు పుట్టినప్పటికి ఆ లోయ మీద అమెరికా ఆదివాసులైన ఇరోక్వా జాతుల హక్కు తీరనే లేదు. వారితో లాంకాస్టర్ ఒప్పందం జరిగింది 1744లో. అలాగే జాన్ ఆస్తి మదింపు దొరికి, అందులో గుర్రాలు, ఇనుప సామాను పక్కన బానిసల పేర్లు కనిపిస్తే వాటిని దాటవేయకండి. పేరు, ధర, ఎవరి వంతుకు వెళ్ళారన్నది ఉన్నదున్నట్టు ఎత్తి రాయించండి. తమ ముత్తాతల కోసం వెతుక్కుంటున్న మరొక కుటుంబానికి ఆ కాగితం తప్ప వేరే ఆధారం ఉండకపోవచ్చు. స్టాంటన్ వెళ్ళే రోజున ముగ్గురు జాన్‌ల పొలాల కాగితాలు మూడు వేరు వేరు కవర్లలో పెట్టుకొని వెళ్ళండి. మొదట అడగవలసింది, 1745కు తరువాతి దస్తావేజుల సూచికలో అమ్మకందారుల సంపుటం.